ప్రింటర్ బాగానే ఉంది, నంబరే మారింది

ప్రశ్న: అన్నా, హన్మకొండ చౌరస్తా దగ్గర మాది జిరాక్స్ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక వైఫై ప్రింటర్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కాదు గానీ, మూడుసార్లకు ఒకసారైనా ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటుంది. మెకానిక్ వచ్చి ‘ఐపీ మారింది’ అని ఏదో నొక్కి 300 తీసుకుని పోతాడు. ఈ ఐపీ ఎందుకు మారుతుంది? మారకుండా ఆపలేమా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, మెకానిక్ చెప్పింది అబద్ధమేం కాదు, కాకపోతే సగమే చెప్పాడు. మిగతా సగం చెబితే మళ్లీ పిలవవు కదా!

నీ రౌటర్ తనకు కలిసిన ప్రతి వస్తువుకూ 192.168.1.7 లాంటి ఒక నంబరు ఇస్తుంది. అది ఐపీ అడ్రస్. ఇచ్చే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. అయితే ఆ నంబరు సొంతం కాదు, కిరాయికి ఇచ్చినట్టే, గడువు ఉంటుంది. కరెంటు పోతే చాలా రౌటర్లు ఎవరికి ఏది ఇచ్చామో మరిచిపోతాయి. కరెంటు రాగానే నీ ప్రింటర్ ఇంకా గరగరమంటూ లేచేలోపు, పీడీఎఫ్ పంపుదామని నీ వైఫై కలుపుకున్న ఏ కస్టమర్ ఫోనో ఆ 7 ఎత్తుకుపోతుంది. ప్రింటర్‌కు 12 దక్కుతుంది. కంప్యూటరేమో ఇంకా 7కే కాగితాలు పంపుతూ కూర్చుంటుంది. కాకతీయ యూనివర్సిటీ హాస్టల్లో రూము మారిన పిల్లాడికి పాత రూముకే ఉత్తరం వేసినట్టు.

రూము మారినా పిల్లాడు మారడు కదా, అలాగే ప్రింటర్‌కు కంపెనీ వేసిన మ్యాక్ అడ్రస్ మారదు. రెండేసి అక్షరాలో అంకెలో ఉన్న ఆరు జతలు, ప్రింటర్ వెనక స్టిక్కర్ మీదో, అది ప్రింట్ చేసిచ్చే నెట్‌వర్క్ పేజీలోనో దొరుకుతాయి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి (కొన్నింటికి 192.168.0.1) రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, డీహెచ్‌సీపీ కింద ‘అడ్రస్ రిజర్వేషన్’ అన్నచోట ఆ మ్యాక్ ఎదురుగా ఒక ఐపీ రాసి సేవ్ చెయ్యి. ప్రింటర్ ఆపి మళ్లీ వెయ్యి. రెండు కంప్యూటర్లలోనూ ప్రింటర్ పోర్టులో (కాగితాలు ఏ ఐపీకి పంపాలో రాసుండే చోట) ఆ కొత్త నంబరే పెట్టు. అంతే, పది నిమిషాల పని.

రిజర్వేషన్ వదిలేసి ప్రింటర్‌లోనే నంబరు టైపు చేసేస్తే సరిపోదా అంటావేమో. నేనూ మా ఇంట్లో అదే తెలివి చూపించాను. రౌటర్ పంచే నంబర్లలోదే ఒకటి పెట్టాను, రౌటర్‌కు ఆ సంగతి తెలియక అదే నంబరు టీవీకి కూడా ఇచ్చింది, రెండూ సగం సగం పనిచేస్తుంటే ఆదివారమంతా దానికే పోయింది.

ఇంకోటి, పింగ్‌కు (ఒక నంబరును ‘ఉన్నావా’ అని అడిగే కమాండ్) జవాబు వచ్చింది కదా అని ప్రింటర్ దొరికిందనుకోకు. ఆ నంబరు ఎవరి ఫోనుకో పోయి ఉంటే ఆ ఫోనే పలుకుతుంది. పింగ్ తర్వాత ఏఆర్‌పీ కమాండ్ కొడితే ఏ ఐపీ వెనక ఏ మ్యాక్ ఉందో చూపిస్తుంది. స్టిక్కర్‌తో పోల్చుకో. కస్టమర్లకు వీలైతే గెస్ట్ వైఫై వేరుగా ఇవ్వు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో వైఫై గీతలు నిండా ఉంటాయి, నెట్ మాత్రం రాదు. డీఎన్‌ఎస్ మార్చమంటున్నారు. స్పీడ్ కూడా పెరుగుతుందట, నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, జనగామ

జవాబు: ఆ గీతలు నీ ల్యాప్‌టాప్‌కు, రౌటర్‌కు మధ్య సంగతే చెబుతాయమ్మా, అవతల ఏముందో వాటికి తెలియదు. ముందు నీ ఐపీ చూడు. 169.254తో మొదలైతే రౌటర్ నంబరు ఇవ్వలేదని, విండోసే తనకు తాను ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు డీఎన్‌ఎస్ మార్చి లాభం లేదు, రౌటర్ ఆపి మళ్లీ వెయ్యి. ఐపీ బాగానే ఉండి, 8.8.8.8కు (గూగుల్ వాళ్ల సర్వర్ నంబరు) పింగ్ చేస్తే జవాబు వస్తూ, సైట్ల పేర్లు కొడితే మాత్రం తెరుచుకోకపోతే అప్పుడు డీఎన్‌ఎస్‌ను అనుమానించు. పేరును నంబరుగా మార్చి చెప్పడమే దాని పని, 1983 నుంచీ అదే చేస్తోంది. మారిస్తే సైటు తెరుచుకోవడం కాస్త త్వరగా మొదలవుతుందేమో గానీ, 2 జీబీ సినిమా దిగే వేగం పెరగదు.