ఎన్ఎల్‌పీ నేర్చుకుని వచ్చిన అమ్మాయికి

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "పెద్దమ్మా, ఎన్ఎల్‌పీ ట్రైనింగ్ పూర్తయింది. సోమవారం నుంచి నా క్లయింట్ల మీద వాడి చూస్తాను" అని రాశావు. న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్, అంటే మాటల తీరుతో మనిషి ఆలోచననూ ప్రవర్తననూ మార్చాలని చూసే పద్ధతి, నేర్చుకున్నావన్న నీ ఉత్సాహం చూసి చాలా సంతోషం వేసింది. కానీ "క్లయింట్ల మీద" అన్న చోట ఆగిపోయాను. మీద వద్దమ్మా, క్లయింట్లతో కలిసి వాడు. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా ఒక రకంగా ఆ విభక్తి మార్పు గురించే.

నేను ఈ థెరపీ పనిలోకి వచ్చి 30 ఏళ్లు దాటాయి. ఎన్ఎల్‌పీ నేర్చుకున్న కొత్తలో నాకూ ఇంతే తొందర ఉండేది. ఇన్నేళ్లలో దాంట్లో కొంత పూర్తిగా వదిలేశాను, కొంత ఇప్పటికీ రోజూ వాడుతున్నాను.

ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుంచుకో. 1970లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్ క్యాంపస్‌లో చదువుకుంటున్న రిచర్డ్ బ్యాండ్లర్, అక్కడే భాషాశాస్త్రం చెప్పే జాన్ గ్రిండర్ కలిసి పేరున్న థెరపిస్టులు ఎలా మాట్లాడతారో పరిశీలించారు. గెస్టాల్ట్ థెరపీలో ఫ్రిట్జ్ పెర్ల్స్, ఫ్యామిలీ థెరపీలో వర్జీనియా సటీర్, హిప్నాసిస్‌లో మిల్టన్ ఎరిక్సన్. అంటే నువ్వు నేర్చుకున్నవాటిలో చాలా భాగం థెరపీ గదిలోంచే బయటికి వెళ్లింది. దాన్ని మళ్లీ గదిలోకి తెచ్చుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ థెరపిస్టుల మాటలు రాసుకోవచ్చు గానీ, ఎవరితో ఏ మాట అనకుండా ఊరుకోవాలో తెలిసిన వివేకాన్ని రాసుకోవడం కుదరదు కదా. ఆ భాగం నువ్వే సంపాదించుకోవాలి.

వదిలేయాల్సినవి త్వరగా చెప్పేస్తాను. కళ్లు ఒక వైపు పైకి తిరిగితే అబద్ధం, ఇంకో వైపు తిరిగితే నిజం అని ఎవరైనా చెప్పి ఉంటే మర్చిపో. 2012లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం దాన్ని పరీక్షించి చూస్తే అలాంటి సంబంధమేమీ కనిపించలేదు. ఫలానా మనిషి విజువల్, ఫలానా మనిషి ఆడిటరీ అని విడదీసి, ఆ రకం మాటలతోనే మాట్లాడాలన్న సిద్ధాంతం కూడా అంతే. 1984లో, మళ్లీ 1987లో క్రిస్టఫర్ షార్ప్లీ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ సమీక్షిస్తే అది నిలబడలేదు. ఆరోగ్య సమస్యల్లో ఎన్ఎల్‌పీ పనిచేస్తుందా అని 2012లో బ్రిటన్ పరిశోధకులు వెతికితే దొరికిన ఆధారాలు చాలా తక్కువ. ఇదంతా నిన్ను నిరుత్సాహపరచడానికి రాయడం లేదు. క్లయింట్ నీ ఎదురుగా కూర్చుని "ఇది పనిచేస్తుందా మేడమ్?" అని అడిగినప్పుడు నీ నోట్లోంచి రావాల్సిన జవాబుకు ఇవి కావాలి. "గ్యారంటీ", "ఒక్క సెషన్‌లో" అనే మాటలు నీ గదిలో వినపడకూడదు.

ఇక ఉంచుకోవాల్సినవి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది మెటా మోడల్, అంటే మాటల్లో దాగిపోయినదాన్ని బయటికి తెచ్చే ప్రశ్నల పద్ధతి. ట్రైనింగ్‌లో దాన్ని మొదటి రెండు రోజుల్లోనే ముగించేసి యాంకరింగ్‌లోకి (ఒక మంచి భావాన్ని ఒక స్పర్శకో సైగకో ముడిపెట్టడంలోకి) వెళ్లిపోయారని రాశావు. నాకు అది చాలా అన్యాయంగా అనిపించింది. మనిషి తన బాధను చెప్పేటప్పుడు ఏ ముక్క వదిలేస్తున్నాడో, ఏది అందరికీ అంటగడుతున్నాడో వినడం నేర్పేది అదే. ఆరన్ బెక్ కాగ్నిటివ్ థెరపీలో ఆలోచనల్లోని పొరపాట్లు పట్టుకోవడానికి నువ్వు ఇప్పటికే చేస్తున్న పనికి ఇది చక్కగా అతుకుతుంది. క్లయింట్ తన ఆలోచనలు రాసుకునే థాట్ రికార్డు నింపేటప్పుడే వాడుకోవచ్చు, వేరే సెషన్ అక్కర్లేదు.

పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులోకి మార్చి అడగొద్దు. మన భాష దాచే చోట్లు వేరు. "చులకనగా చూస్తున్నారు" అంటాడు క్లయింట్. ఎవరు? తెలుగులో కర్త చెప్పకపోయినా వాక్యం నిండుగానే వినిపిస్తుంది, అందుకని మనమూ తలూపేస్తాం. అక్కడ ఆగి "ఎవరెవరు? ఈ వారంలో ఎవరు చూశారు?" అని అడగాలి. ఇంకోటి, దీని గురించి నేను చాలా కాలం ఆలోచించాను. మనం "భయం వేసింది", "కోపం వచ్చింది", "ఏడుపు ఆగలేదు" అంటాం. ఆ వాక్యాల్లో మనిషి ఏమీ చేయడు, అన్నీ వచ్చి అతని మీద పడతాయి. అందులో తప్పేమీ లేదు, మన భాష తీరు అది. కానీ థెరపీలో ఆ భయం రావడానికి ఒక్క క్షణం ముందు మనసులో ఏం జరిగిందో మనకు కావాలి.

ఒకసారి నా దగ్గరికి వచ్చిన ఒకామెతో ఇలా జరిగింది (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). "ఆఫీసులో మీటింగ్ అంటే చాలు, టెన్షన్ వచ్చేస్తుంది" అంది.

"వచ్చేస్తుంది అన్నారు. వచ్చే ముందు మీరేం చూస్తున్నారు?"

"ఏం లేదండీ. తలుపు తీస్తాను, అంతే."

"తలుపు తీస్తారు. చెయ్యి ఇంకా హ్యాండిల్ మీదే ఉంది. లోపల ఎవరు కనిపిస్తున్నారు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మా బాస్ వాచీ చూసుకుంటూ ఉంటాడు. నేను మాట్లాడితే టైమ్ వేస్ట్ అనుకుంటాడని..." అని ఆగిపోయింది.

అంతవరకు గాలిలో ఉన్న టెన్షన్‌కు ఒక వాచీ, ఒక వాక్యం దొరికాయి. ఇక దాని మీద పని చేయొచ్చు. గమనించు, నేను "ఎందుకు" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అంటే మనిషి సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడతాడు. ఏం, ఎవరు, ఎప్పుడు, ఎలా అని అడుగు. వరుసగా మూడు ప్రశ్నలకు మించకు. మధ్యలో వాళ్లు చెప్పింది నీ మాటల్లో తిరిగి చెప్పు, లేకపోతే అది విచారణలా తయారవుతుంది.

రాపో, అంటే క్లయింట్‌తో కుదిరే సఖ్యత, గురించి ఎక్కువ రాయను. మనుషులు తమకు తెలియకుండానే ఎదుటివాళ్ల కదలికలను అనుకరిస్తారని 1999లో చార్ట్రాండ్, బార్గ్ ప్రయోగం చేసి చూపించారు. అది దానంతటదే జరిగేది. క్లయింట్ కాలు మీద కాలు వేసుకుంటే నువ్వూ పనిగట్టుకుని వేసుకోవడం మొదలుపెడితే, వాళ్లు తప్పకుండా పసిగడతారు. పసిగట్టిన రోజున నమ్మకం పోతుంది. గొంతు వేగం కొంచెం తగ్గించు, వాళ్లు వాడిన మాటనే వాడు. "గుండె బరువుగా ఉంది" అంటే నువ్వు దాన్ని "డిప్రెసివ్ మూడ్" అనకు. అంతకంటే అవసరం లేదు.

యాంకరింగ్ నువ్వు ఎలాగూ చేస్తావు, కాబట్టి జాగ్రత్తగా చేయడం చెబుతాను. పావ్‌లోవ్ కుక్కలతో చూపించిన కండిషనింగ్‌కు ఇది దగ్గరి చుట్టం. క్లయింట్‌ని తను నిబ్బరంగా ఉన్న ఒక సందర్భం తలుచుకోమను. "జీవితంలో అత్యంత ధైర్యంగా ఉన్న రోజు" అని అడిగితే డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఒక్కటీ గుర్తురాదు, అది ఇంకో ఓటమిలా తగులుతుంది. చిన్నది చాలు. పక్కింటి పిల్లాడికి లెక్కలు చెప్పినప్పుడు గొంతు వణకలేదా? అదే తీసుకో. అప్పుడు ఎక్కడ కూర్చున్నారు, ఏం వినిపించింది, ఛాతీలో ఎలా ఉంది అని నెమ్మదిగా దగ్గరికి తీసుకెళ్లు. ఊపిరి మారుతుంది, భుజాలు కిందికి దిగుతాయి, ముఖంలో రంగు మారుతుంది. ఆ భావం పెరుగుతుండగా, పతాక స్థాయికి చేరే కాస్త ముందే, బొటనవేలూ మధ్యవేలూ కలిపి నొక్కమను. తగ్గడం మొదలవగానే వదిలేయమను. తర్వాత 100 నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమని మనసు మళ్లించి, మళ్లీ వేళ్లు నొక్కమని ఏమైనా వచ్చిందో లేదో చూడు. రాకపోతే రాలేదని ఒప్పుకో. ఇద్దరూ కలిసి ఇంకో జ్ఞాపకం వెతకండి. వేళ్లు వాళ్లవే ఉండాలి. నువ్వు భుజం మీదో మోకాలి మీదో చెయ్యి వేసి యాంకర్ పెట్టడం వద్దే వద్దు.

ఇక్కడ ట్రైనింగ్‌లో చెప్పని ప్రమాదం ఒకటుంది. పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లకు ఈ వేళ్లు నొక్కడం తాయెత్తులా మారిపోతుంది. "నొక్కాను కాబట్టి బతికి బయటపడ్డాను" అనుకుంటారు. నొక్కకపోయినా ఏమీ అయ్యేది కాదన్న అసలు పాఠం వాళ్లకు అందదు. సీబీటీలో (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో) సేఫ్టీ బిహేవియర్ అంటాం చూడు, అచ్చంగా అదే. అందుకని నేను యాంకర్‌ను ఎక్స్‌పోజర్‌లోకి, అంటే భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడంలోకి, అడుగుపెట్టడానికి మాత్రమే వాడతాను. రెండు మూడుసార్లు అయ్యాక, "ఈసారి చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని వెళ్లండి" అంటాను. అలాంటి రోజు వస్తుందని మొదటి సెషన్‌లోనే ముందుగా చెప్పి ఉంచుతాను.

రీఫ్రేమింగ్, అంటే జరిగినదానికి కొత్త అర్థం చూపించడం, తొందరగా చేస్తే అవమానమవుతుంది. మనిషి తన బాధ పూర్తిగా చెప్పుకోకముందే నువ్వు దానికి మంచి అర్థం ఇస్తే, నోరు మూసుకోమన్నట్టే వినిపిస్తుంది. "ప్రతి ప్రవర్తన వెనకా ఒక మంచి ఉద్దేశం ఉంటుంది" అన్న ఎన్ఎల్‌పీ సూత్రాన్ని దెబ్బలు తిన్న మనిషి ముందు ఎప్పుడూ అనకు. కొట్టిన చేతి ఉద్దేశం వెతకడం ఆమె పని కాదు, నీ పనీ కాదు. ఈ విషయంలో నేను మెత్తబడను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను, ఎందుకంటే నువ్వు అదే చేయబోతున్నావని నాకు భయంగా ఉంది. రివైండ్ టెక్నిక్ నేర్చుకున్నానని రాశావు. సినిమా హాల్లో కూర్చున్నట్టు ఊహించుకుని, తనను తాను తెరమీద చూసుకుని, ఆ సంఘటనను బ్లాక్ అండ్ వైట్‌లో చూసి, వెనక్కి తిప్పడం. రోడ్డు ప్రమాదం తర్వాత బండి ఎక్కలేకపోతున్న ఒకతను నా దగ్గరికి వచ్చాడు. నేను ఆ ప్రమాదం గురించి మాత్రమే అడిగాను. రెండో సెషన్‌లోనే రివైండ్ మొదలుపెట్టాను. తెరమీద చూడమన్న కాసేపటికి అతని ముఖం ఖాళీ అయిపోయింది. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. చేతులు చల్లబడ్డాయి. "మీ పాదాలు నేలకు ఆనించండి. ఈ గదిలో కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు చెప్పండి" అని పదే పదే అడిగితే, చాలాసేపటికి "ఫ్యాను" అన్నాడు. ఆ ఒక్క మాట వినేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. చిన్నప్పటి నుంచి భయం వేసినప్పుడల్లా తనలోంచి తాను బయటికి వెళ్లిపోవడం అతనికి అలవాటని తర్వాత తెలిసింది. నేను అతన్ని తనను బయటి నుంచి చూసుకోమన్నాను. అతనికి అది మందు కాలేదు, పాత జబ్బే అయింది. అతను మళ్లీ నన్ను నమ్మడానికి నెలలు పట్టింది.

అందుకని ట్రామా ఉన్న ఎవరితోనైనా ముందు పూర్తి అసెస్‌మెంట్ చెయ్యి. టైమ్ తెలియకుండా పోవడం, శరీరం తనది కానట్టు అనిపించడం ఉన్నాయా అని సూటిగా అడుగు. ఆపాలనిపిస్తే చెయ్యి ఎత్తాలని ముందే మాట్లాడుకో. గ్రౌండింగ్, అంటే పాదాలు ఆనించి చుట్టూ ఉన్నవి చూస్తూ ఈ క్షణంలోకి తిరిగి రావడం, నేర్పకుండా తెరను మొదలుపెట్టకు. పీటీఎస్‌డీకి (ట్రామా తర్వాత వచ్చే మానసిక సమస్యకు) ట్రామా ఫోకస్డ్ సీబీటీ, కళ్ల కదలికలతో చేసే ఈఎమ్‌డీఆర్ లాంటి బాగా పరీక్షించిన చికిత్సలు ఉన్నాయి, ముందు అవి. సైకోసిస్, మేనియా, ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తే ఏ టెక్నిక్కూ వద్దు, అదే రోజు సైకియాట్రిస్టుతో మాట్లాడు. మందుల జోలికి మాత్రం పోకు.

టెక్నిక్ ఏదైనా మొదలుపెట్టే ముందు నేను క్లయింట్‌తో అనే మాటలు ఇవి, కావాలంటే నీ పద్ధతిలో మార్చుకో: "ఇదొక ప్రయత్నం. దీనికి పరిశోధన బలం తక్కువ. కొందరికి ఉపయోగపడడం నేను చూశాను. మధ్యలో ఎప్పుడైనా ఆపేయొచ్చు, ఆపితే నేనేమీ అనుకోను." ఇలా చెబితే క్లయింట్లు పారిపోతారని భయపడకు. నిజం చెప్పిన థెరపిస్టుకు వాళ్లు కూడా నిజం చెబుతారు. పనిచేసిందో లేదో నీ మనసుకు తోచినదాన్ని బట్టి తేల్చకు. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ 9, ఆందోళనను కొలిచే జీఏడీ 7 ప్రశ్నావళులు రెండు వారాలకోసారి నింపించు. నాలుగు సెషన్లయినా స్కోరు కదలకపోతే టెక్నిక్‌ను పక్కన పెట్టి మొదటి నుంచి కేసు మళ్లీ చదువు.

సోమవారం ఏ యాంకరూ, ఏ రివైండూ వద్దు. వచ్చిన మొదటి క్లయింట్ ఒప్పుకుంటే, సెషన్‌లో వాళ్లు తమ బాధ గురించి వాడిన క్రియలన్నీ ఒక కాగితం మీద రాసుకో. "వచ్చింది", "వేసింది", "పోయింది", "అంటారు", "చూస్తారు", అన్నీ. వేటికి కర్త లేదో కింద గీత గీయి. పేరూ వివరాలూ లేకుండా ఆ కాగితం నాకు పంపు. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, గీతలు గీసినవాటిలో మొదట ఏది అడగాలో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ