భాష అంతరిస్తే ప్రకృతి జ్ఞానం కూడా పోతుందా?

చాలావరకు పోతుంది. చెట్టు అడవిలోనే ఉంటుంది. దాని బెరడు ఏ జబ్బుకు, ఎంత మోతాదులో వాడాలో చెప్పేవారే ఉండరు. ఈ జ్ఞానంలో ఎక్కువ భాగం పుస్తకాలకెక్కలేదు, పెద్దల నోటనే ఉంది. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ఉత్తర అమెరికా, వాయవ్య అమెజాన్, న్యూగినీ ప్రాంతాల్లోని 236 స్థానిక భాషలను పరిశీలించింది. వాటిలో నమోదైన ఔషధ ఉపయోగాల్లో 75 శాతానికి పైగా ఒక్కొక్కటీ ఒకే ఒక్క భాషవారికి తెలుసు. పక్క భాషవారిని అడిగి తెలుసుకుందామన్నా కుదరదన్నమాట!

మందులే కాదు. 2004 సునామీ వేళ థాయ్‌లాండ్‌లోని సురిన్ దీవుల మోకెన్ ప్రజలు సముద్రం వెనక్కి తగ్గడం చూసి ఎత్తైన చోటికి పరుగెత్తారు. మింగేసే అల గురించి తాతల నాటి కథలు వాళ్లలో ఉన్నాయి. పిల్లలు ఇంటి భాష మానేస్తే ముందుగా తెగిపోయేవి ఇలాంటి కథలే.