ఎనిమిది శాతం సంగతి రాయమ్మా

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం అందింది. ఆక్సిడెంటల్ అనే అమెరికా చమురు కంపెనీని నడిపిన విక్కీ హోలబ్ మీద తెలుగులో ఎవరైనా పూనుకుని ఇరవై రెండు పేజీలు రాస్తారని నేను అనుకోలేదు. పద్నాలుగో పేజీ దాకా బాగానే చదివాను. అక్కడ కోపం వచ్చి పక్కన పడేశాను. భోజనం చేసి మళ్ళీ తీశాను. కోపం తగ్గలేదు కాబట్టి ఈ ఉత్తరం.

"2019లో అనడార్కో సంస్థను సొంతం చేసుకుని ఆమె తన సత్తా చాటారు." పద్నాలుగో పేజీలో నీ వాక్యం ఇది. ఇంతే. దాని వెంటనే ఆమె ఇంటినీ ఉద్యోగాన్నీ ఎలా సమన్వయం చేసుకుని ఉంటారో అంటూ రెండున్నర పేజీలు. అందులో ఎన్ని "ఉంటారో"లు! నువ్వు ఎన్నడూ చూడని వంటింటికి రెండున్నర పేజీలు, లోకమంతా చూసిన 38 బిలియన్ డాలర్ల బేరానికి ఒక్క వాక్యమా?

ఆ వాక్యాన్ని విప్పి చూడు. 2019 ఏప్రిల్ 12న అమెరికా చమురు దిగ్గజం షెవ్రాన్, అనడార్కో అనే మరో చమురు కంపెనీని 33 బిలియన్ డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అంత పెద్ద కంపెనీ దిగాక ఇంకెవరూ అటు చూడరనే అందరూ అనుకున్నారు. హోలబ్ అప్పుడు నడుపుతున్న ఆక్సిడెంటల్ దాని ముందు చిన్న కంపెనీ. అయినా షేరుకు 76 డాలర్లు ఇస్తామని ఆమె పోటీకి వచ్చారు. అనడార్కో అప్పులు కూడా కలిపితే అది 57 బిలియన్లు. తన కంపెనీ మార్కెట్ విలువనే మించిన మొత్తం. ఎందుకంత పట్టుదల? టెక్సస్, న్యూ మెక్సికో రాష్ట్రాల్లో పరుచుకున్న పెర్మియన్ బేసిన్‌లో అనడార్కో చేతిలో మంచి భూములున్నాయి. అక్కడి రాతిపొరల నుంచి తన ఇంజనీర్లు అవతలివాళ్ళ కన్నా ఎక్కువ చమురు తీయగలరని ఆమె లెక్క. 1981లో అలబామాలో మినరల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, రిగ్గుల మీద పని మొదలుపెట్టి, రష్యా, వెనిజులా, ఈక్వడార్ చూసి వచ్చిన మనిషి వేసిన లెక్క అది. ఆమె చదువునూ తొలి ఉద్యోగాన్నీ నువ్వు మొదటి మూడు పేజీల్లో చెప్పి వదిలేశావు. ఆ చదువు పనికొచ్చిన చోటు ఇదమ్మా!

డబ్బు కావాలి. ఏప్రిల్ 28, ఆదివారం, ఆమె ఒమాహా నగరం వెళ్ళి పేరుమోసిన మదుపరి వారెన్ బఫెట్‌ను కలిశారు. మంగళవారానికల్లా ప్రకటన వచ్చింది: బఫెట్ 10 బిలియన్లు పెడతాడు, ఏటా 8 శాతం తీసుకుంటాడు. ఇక్కడ కలం ఆపి కాసేపు కూర్చోవాలి. మన లెక్కలో నూటికి నెలకు అర్ధరూపాయి పైచిలుకు. ధర్మవడ్డీ కన్నా తక్కువే కదా అని మనవాళ్ళు పెదవి విరుస్తారు. కానీ అమెరికా ప్రభుత్వ పదేళ్ళ బాండు మూడు శాతం కూడా ఇవ్వని రోజులవి. ఏటా 800 మిలియన్ డాలర్లు ఆయనకు కట్టాలి, చమురు ధర ఎలా ఉన్నా. ఇది నీ వ్యాసంలో లేదు.

ఆ తరువాతిది మరీ రసవత్తరం. అనడార్కోకు ఆఫ్రికాలో ఉన్న ఆస్తులను ఫ్రాన్సుకు చెందిన టోటల్ సంస్థకు 8.8 బిలియన్లకు అమ్మేట్టు ఆమె ముందే ఒప్పందం చేసుకున్నారు. ఇంకా కొనని కంపెనీ ఆస్తులను అమ్మడం! (అల్జీరియా అడ్డం తిరగడంతో అందులో కొంత భాగం తరవాత జరగనే లేదు.) ఇలా నగదు పోగయ్యేసరికి కొత్త షేర్లు జారీ చేయాల్సిన అవసరం తగ్గింది. కొత్త షేర్లు ఒక హద్దు దాటితేనే అక్కడి నిబంధనల ప్రకారం సొంత వాటాదారుల ఓటు అడగాలి. హద్దు దాటలేదు, ఓటూ లేదు. మే 9న షెవ్రాన్ పోటీ మానుకుని, ఒప్పందం రద్దయినందుకు రావలసిన బిలియన్ డాలర్ల పరిహారం పుచ్చుకుని వెళ్ళిపోయింది.

వాటాదారులు మండిపడ్డారు. వాళ్ళలో ఒకడైన పెద్ద మదుపరి కార్ల్ ఐకాన్ కోర్టుకెక్కాడు. బఫెట్‌తో జరిగిన బేరం చిన్నపిల్ల చేతిలో మిఠాయి లాక్కోవడం లాంటిదనీ, పైగా ఆమె ఆయనకు కృతజ్ఞతలు కూడా చెప్పిందనీ ఎద్దేవా చేశాడు. స్త్రీగా ఆమె ఎదుర్కొన్న వివక్ష గురించి నువ్వు ఒక పేజీ రాశావు, ఒక్క ఉదాహరణ లేకుండా. ఈ మాట నీ కంట పడలేదా? ఇదే మాట మగ సీఈఓ గురించి అనేవాడా అన్న ప్రశ్న పాఠకుడికి తనంతట తానే వస్తుంది. నువ్వు అడగక్కర్లేదు.

నాకు ఒక్కటే పట్టింపు, ఎన్నో ఏళ్ళుగా. పని చేసే మనిషి జీవితం రాయాలంటే ఆ మనిషి తీసుకున్న ఒక నిర్ణయం పట్టుకుని అడుగు దాకా దిగాలి. బాల్యం, పెళ్ళి, అవార్డులు, అన్నీ దానికి అవసరమైనంతే. మగవాళ్ళ జీవితచరిత్రల్లో ఈ పని కాస్తో కూస్తో జరుగుతుంది. ఆడవాళ్ళ విషయానికి వచ్చేసరికి ఆఫీసు తలుపు దగ్గర ఆగిపోయి, ఇంటి తలుపు తడతాం.

ఈ రోగం నీ ఒక్కదానిది కాదు. 2014 మార్చిలో నిషి వాసుదేవ హిందుస్తాన్ పెట్రోలియం (హెచ్.పి.సి.ఎల్.) అధిపతి అయ్యారు. దేశంలో ఒక చమురు శుద్ధి సంస్థకు సారథ్యం వహించిన తొలి మహిళ. మా విశాఖలో పాతవాళ్ళు ఇంకా కాల్టెక్స్ అనే పిలిచే రిఫైనరీ ఆ సంస్థదే. వార్షిక నివేదికలు ముందేసుకుని ఒక వ్యాసం రాశాను. అప్పటికి డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోలేదు. సంస్థ నష్టానికి అమ్మాలి, ఆ లోటును ప్రభుత్వమూ, చమురు తవ్వే సంస్థలూ పూడ్చాలి, అదీ ఆలస్యంగా. ఈలోగా అప్పు తెచ్చి నడపాలి. ఆమె కూర్చున్న కుర్చీ అలాంటిదని రాశాను. సంపాదకుడు ఫోను చేసి, "అంకెలు తీసేశానండీ, పాఠకులకు విసుగు. ఆవిడకు వంట వచ్చా?" అన్నాడు. వ్యాసం ఆదివారం మహిళల పేజీలో వచ్చింది, గోరింటాకు డిజైన్ల పక్కన, "ఆకాశంలో సగం" అనే శీర్షికతో. ఆ అక్టోబరులో డీజిల్ నియంత్రణ ఎత్తేశారు, హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసింది. ఇక ఆమె మీద రెండో వ్యాసం రాయాల్సిందే అనుకున్నాను. ఆ పేజీకి ఒకసారి వేసిన మనిషిని మళ్ళీ వేయరట! ఆ సంపాదకుడు ఇప్పుడు యువ రచయితలకు శిక్షణ శిబిరాలు నడుపుతున్నాడని విన్నాను. నువ్వు అక్కడికి వెళ్ళి వచ్చావేమోనని నాకు అనుమానం.

చమురు సంగతులు నాకేమీ పుట్టుకతో రాలేదు. రాత్రి డెస్కులో ఉన్న రోజుల్లో వాణిజ్యం పేజీ ఎవరూ తీసుకోనిది కాబట్టి నాకు అంటగట్టారు. బ్యారెల్ అంటే 159 లీటర్లని కూడా తెలియదు. మా వీధిలో రిఫైనరీలో షిఫ్టు ఇన్‌చార్జిగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చునేదాన్ని. కరెంటు బిల్లు వెనక స్వేదన స్తంభం బొమ్మ గీసి, ఏది ఏ ఎత్తున వేరుపడుతుందో చెప్పేవారు. పై నుంచి గ్యాసు, నాఫ్తా, కిరోసిన్, డీజిల్, అడుగున మడ్డి. చాలాసార్లు విసుక్కున్నారు. అయినా నేను వెళ్ళడం మానలేదు. నీకూ అలాంటివాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. హ్యూస్టన్‌లో ఉంటున్నానన్నావు. ఆక్సిడెంటల్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు అదే. చమురు కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళు అక్కడ తక్కువేమీ కాదు. వాళ్ళను ఆమె గురించి అడగకు, రాతిలోంచి చమురు ఎలా తీస్తారో అడుగు.

ఆమెను ఎలాగైనా విజేతగా చూపాలన్న తాపత్రయంలో నువ్వు 2020ని మింగేశావు. అది నాకు ఇంకా బాధ. మార్చి 10న వాటాదారులకు పంచే డివిడెండును షేరుకు 79 సెంట్ల నుంచి 11 సెంట్లకు కోశారు, తరవాత ఒక్క సెంటుకు. ఉద్యోగుల జీతాలూ, ఆమె జీతమూ తగ్గాయి. ఐకాన్ మనుషులు బోర్డులోకి వచ్చారు. ఆమెకు ముందు సీఈఓగా చేసిన స్టీఫెన్ చేజెన్‌ను ఛైర్మన్‌గా తెచ్చి నెత్తిన కూర్చోబెట్టారు. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ధర బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్లకు పడింది, అంటే కొనేవాడికే ఎదురు డబ్బివ్వాలి. బఫెట్‌కు ఇవ్వాల్సిన త్రైమాసిక చెల్లింపును నగదుగా ఇవ్వలేక షేర్లలో ఇచ్చారు. ఇంత జరిగినా ఆమె కుర్చీ వదల్లేదు. రెండేళ్ళకు ఉక్రెయిన్ యుద్ధంతో ధర 100 డాలర్లు దాటింది, అప్పు కరిగింది, ఐకాన్ తన షేర్లు అమ్ముకుని వెళ్ళాడు, బఫెట్ మాత్రం కొంటూ కొంటూ కంపెనీలో పావు వంతుకు మించి చేరాడు. అయినా అప్పు పోరు తీరలేదు. 2025 అక్టోబరులో రసాయనాల విభాగాన్ని 9.7 బిలియన్లకు బఫెట్ సంస్థకే అమ్మడానికి ఒప్పుకున్నారు.

మరి ఆ బేరం మంచిదా, చెడ్డదా? ధర ఎక్కువ పెట్టారనీ, భూమి మంచిదేననీ నా లెక్క. వాటాదారుల ఓటు తప్పించుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. నీ లెక్క ఏమిటో ఇరవై రెండు పేజీల్లో నాకు కనబడలేదు.

టెక్సస్‌లో కట్టిన స్ట్రాటోస్ ప్లాంటు గురించిన నీ పేజీలో ఆమె పర్యావరణ దేవత అయిపోయారు. ఏటా 5 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడును గాలిలోంచి పీల్చేలా దాన్ని తలపెట్టిన మాట నిజమే. అయితే ఆ కంపెనీ కార్బన్ డయాక్సైడును పాత బావుల్లోకి ఎక్కించి మిగిలిన చమురు రాబట్టడంలో ఎప్పటినుంచో ఆరితేరింది. గాలిలోంచి పట్టిన వాయువునూ అలా వాడి, కర్బన భారం లేని చమురు అమ్మవచ్చని హోలబ్ బాహాటంగానే చెప్పారు. ఆవిడ దాచని సంగతి నువ్వెందుకు దాచావు?

బ్రెజిల్ చమురు సంస్థ పెట్రోబ్రాస్‌ను నడిపిన గ్రాసా ఫోస్టర్ మీద రాసిన పేరా మాత్రం బాగుంది. రియో మురికివాడలో కాగితాలు, డబ్బాలు ఏరి చదువుకున్న పిల్ల దగ్గర నువ్వు కన్నీళ్ళు పెట్టించకుండా ఆగావు. కానీ 2012లో ఆమె అధిపతి అయ్యాక బ్రెజిల్ ప్రభుత్వం పెట్రోలు ధర పెంచనివ్వకపోవడం, ఎక్కువకు దిగుమతి చేసుకుని తక్కువకు అమ్మి కంపెనీ నెత్తురోడటం, అవినీతి కేసుల మధ్య 2015 ఫిబ్రవరిలో ఆమె రాజీనామా చేయడం, ఇవన్నీ ఏవి? దాన్ని ఈ వ్యాసంలోంచి తీసి విడిగా రాయి.

కలం పేరు గురించీ, ఏ పోటీకి పంపాలన్న దాని గురించీ అడిగావు. వాటికి ఇంకా వేళ కాలేదు.

ఆక్సిడెంటల్ 2019, 2020 వార్షిక నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అప్పుల పట్టిక, డివిడెండ్ల పట్టిక చదువు. అర్థం కాని చోట గీత పెట్టుకుని, ఆ గీతలతో సహా నాకు పంపు. పద్నాలుగో పేజీ నుంచి తిరగరాయి, ఆమె ఒమాహా వెళ్ళిన ఆదివారంతో మొదలుపెట్టి. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా అచ్చు వేయించు.

ఆశీస్సులతో,
మీ అత్త