అల్లుడూ, బండి మీద కాకినాడ బయల్దేరే ముందు ఇది చదువు

ఒరేయ్ అల్లుడూ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. నువ్వు సంక్రాంతికి జయపురం నుంచి కాకినాడ బండి మీదే వెళ్తానంటున్నావని, సుంకి ఘాట్ తలుచుకుంటేనే భయంగా ఉందని, నన్ను చెప్పి ఆపమని ఒకటే టెన్షన్. నేను ఆపను. మందుల కంపెనీ పని మీద రాయగడ, గుణుపురం, కోరాపుట్ అన్నీ ఏళ్ల తరబడి బండి మీదే తిరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, నాకు భయం ఘాట్ గురించి కాదు. ఘాట్‌లో మలుపులే మనిషిని మేలుకొలిపి ఉంచుతాయి. ఘాట్ దిగి, భోంచేసి, అనకాపల్లి దాటాక తుని వైపు గీత గీసినట్టున్న హైవే మీద మధ్యాహ్నం రెండింటికి నీ ఒళ్లు ఎలా ఉంటుందన్నదే నా భయమంతా. పొద్దున్నుంచి నువ్వు చేసే ప్రతి పనీ ఆ రెండింటి కోసమే అనుకో.

ముందు చలి సంగతి. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, పుష్యమాసం, పైగా బండి వేగానికి కొట్టే గాలి. చలికి ఒళ్లు బిగుసుకుపోతే భుజాలు, మెడ పట్టేసి, సాలూరు చేరేసరికే సగం అలసిపోతావు. ఒకే మందపాటి స్వెటర్ కంటే రెండు పల్చటివి వేసుకుని, పైన గాలి చొరబడని జాకెట్ వేసుకో, లోపల ఛాతీ మీద పాత పేపరు మడిచి పెట్టుకో. గ్లవ్స్ లోపల మెడికల్ షాపులో దొరికే పల్చటి రబ్బరు గ్లవ్స్ తొడుక్కుంటే వేళ్లు కొయ్యబారవు. సాలూరులో ఎండ తగలగానే ఇవన్నీ విప్పేయి, చెమట పట్టాక విప్పుదాంలే అనుకోకు.

పొగమంచు ఉంటే తెల్లారి, దారి బాగా కనబడేదాకా బయల్దేరనే వద్దు. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకు, చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచేలా దిగు.

చేతుల గురించి మాత్రం వివరంగా చెప్తా, ఎందుకంటే కుర్రాళ్లు ఎవరూ దీన్ని పట్టించుకోరు. బండి మీద మామూలుగా కూర్చుని వేళ్లు క్లచ్ మీద వెయ్యి. మోచేతి నుంచి వేలి కణుపుల దాకా ఒకే వాలులో ఉండాలి. చాలా బళ్లకి లీవరు పైకి ఉంటుంది, దాంతో మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగి, నరం నొక్కుకుపోయి, గంటలో తిమ్మిరెక్కుతుంది. లీవరు బిగించిన బోల్టు కాస్త వదులు చేసి, కిందికి తిప్పి మళ్లీ బిగించు, పది నిమిషాల పని. బ్రేక్ వైపు కూడా అంతే. హ్యాండిల్‌ని చిలకని పట్టుకున్నంత మెత్తగా పట్టుకో, మోకాళ్లతో ట్యాంకుని అదుముకో. బరువు తొడలు మొయ్యాలి గానీ అరచేతులు కాదు.

బ్యాగు వీపున వేసుకోకు, వెనక సీటుకి తాడుతో కట్టేయి. లోపలి బట్టల కుట్లు మందంగా ఉంటే మూడు గంటల్లో ఒరుసుకుపోతుంది, మెత్తటివి చూసుకో. చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు పెట్టుకో. హారన్ వినబడుతుంది, గాలి హోరు మాత్రం తగ్గుతుంది, సాయంత్రానికి తలనొప్పి రావడానికి సగం కారణం ఆ హోరే.

నీళ్లు! చలిలో దాహం వెయ్యదు కాబట్టి ఎవరూ తాగరు. ఆగిన ప్రతిసారీ నాలుగు గుక్కలు తాగాల్సిందే. మూత్రం చిక్కటి పసుపు రంగులో ఉంటే నీళ్లు చాలలేదని అర్థం. గంటకోసారి ఆగు, అలసట లేకపోయినా సరే, అసలు అలసట రాకముందే ఆగాలి. అయిదు నిమిషాలు నడువు, నడుము వెనక్కి వంచు, ఫోన్ చూస్తూ బండి మీదే కూర్చుంటే అది ఆగినట్టు కాదు.

సాలూరులో ఇడ్లీ తిను. ఆనందపురం దగ్గర విశాఖలోకి వెళ్లకుండా పెందుర్తి మీదుగా అనకాపల్లి రోడ్డు ఎక్కు, ట్రాఫిక్ తప్పుతుంది. మధ్యాహ్నం బిర్యానీ జోలికి పోకు నాన్నా, కాస్త పెరుగన్నం, ఒక అరటిపండు చాలు. జలుబు చేసిందని సెట్రిజిన్ లాంటి మాత్ర వేసుకున్నావో, ఆ రోజు బండి ఎక్కకు, నిద్ర ముంచుకొస్తుంది.

ఇక ఆ మధ్యాహ్నం రెండింటి సంగతి. వరసగా ఆవలింతలు, తెల్లగీత మీదికి బండి వాలిపోవడం, ఇందాక దాటిన ఊరేదో గుర్తు రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే నిద్ర. పాటలు పాడటం, ముఖాన నీళ్లు కొట్టుకోవడం దానికి మందు కావు. పెట్రోలు బంకులోనో, హోటల్ అరుగు మీదో ఆగి, ఒక టీ తాగి, అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకో. నిద్ర లేచేసరికి టీ కూడా పని చెయ్యడం మొదలుపెడుతుంది. లేచిన వెంటనే ఎక్కెయ్యకు, కాస్త తిరిగి ఎక్కు. చీకటి పడ్డాక చేరినా కాకినాడలో ఎవరూ ఏమీ అనుకోరు, నేను ఫోన్ చేసి చెప్తాను.

తిరిగి వచ్చేటప్పుడు సాలూరు చేరేసరికి పొద్దు వాలిపోతే ఘాట్ ఎక్కొద్దు. ఆ రాత్రికి అక్కడే గది తీసుకుని పడుకుని, పొద్దున్నే రా. డబ్బులు నేనిస్తాను.

మీ మావయ్య
రాయగడ