మొటిమలొచ్చినయని విటమిన్ సీసాలు కొనకు చెల్లె

వనపర్తి నుంచి చికాగో వచ్చి నాలుగు నెలలైంది, వచ్చినప్పటి సంది మొఖం నిండ మొటిమలు, అమ్మ ఫోన్ల వేడి చేసిందంటది, రూమ్మేటేమో విటమిన్ తక్కువైందంటది, ఏ గోలీలు కొనాలె అక్కా అని అడిగినవు. కొనుడు ముచ్చట తర్వాత, ముందుగాల నా కథ ఇను. నేను పోగొట్టిన పైసలే నువ్వు మళ్ల పోగొడుతుంటే చూసుకుంట ఊకోలేను.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. 2011 ఆగస్టుల నేను గూడ చికాగోకే చదువుకొనేటందుకు వచ్చిన. అప్పుడు డాలర్‌కు 45 రూపాయల చుట్టు ఉండె, మీకు ఇప్పుడున్నంత లేదు గానీ నాయిన ఎకరం కుదువ పెట్టి పంపిండు, అందుకని షాపుల ఏది చూసినా 45తోటి గుణించుడే. పాలకూర గుణించి పక్కన పెట్టిన, పప్పు గుణించి పక్కన పెట్టిన. ఇగ మిగిలింది ఏంది, నూడుల్స్ ప్యాకెట్లు, తెల్ల బ్రెడ్డు, జామ్, గాలన్ డబ్బల వెన్న తీసిన పాలు. క్యాంపస్‌ల ఏ మీటింగుల పిజ్జా పెట్టినా పోయేదాన్ని, పక్షుల గురించి చెప్పేటి క్లబ్బుల గూడ రెండు గంటలు కూసున్న, మూడు ముక్కల పిజ్జా కోసం. మా ఊరోళ్లు బొంబాయికి కూలికి పోయినప్పుడు రొట్టెలు, కారం మూట కట్టుకొని పోయేటోళ్లు, వాళ్లు నాకన్న మంచిగ తిన్నరు.

నవంబర్ అయ్యేసరికి గదుమ మీద, దవడల పొంటి ఎర్రటి గడ్డలు, ముట్టుకుంటే సలుపుడు. వీడియో కాల్‌ల అమ్మ గుర్తు పట్టొద్దని లైటు బంద్ చేసి మాట్లాడేదాన్ని. అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఏందంటే, ఇంటర్నెట్‌ల చదివి నాకు నేనే డాక్టర్ అయిపోయిన. శాకాహారిని గాబట్టి బీ12 తక్కువ ఉంటదని 5000 మైక్రోగ్రాముల గోలీలు తెచ్చిన, మనిషికి రోజుకు కావాల్సింది 2.4 మైక్రోగ్రాములు మాత్రమే అని అప్పుడు తెలవదు. చర్మానికి మంచిదంటే బయోటిన్ అనేటి ఇంకో విటమిన్ తెచ్చిన. జింక్ తెచ్చిన, పరిగడుపున మింగి క్లాసుల వాంతి చేసుకున్న. పాలకూరకు గుణించిన దాన్ని ఈ సీసాలకు గుణించలే చూడు, మందు అంటే మనకు లెక్కలు యాదికి రావు.

నెల తిరిగేసరికి మొటిమలు తగ్గుడు అటుంచు, నుదురు మీదికి గూడ పాకినయి. భయపడి ఒక శనివారం అర్జెంట్ కేర్‌కు, అంటే అపాయింట్‌మెంట్ లేకుండ చూసేటి బయటి దవాఖానకు ఉరికిన. లోపల ఉన్నది తొమ్మిది నిమిషాలు, ఇంటికొచ్చిన బిల్లు 240 డాలర్లు. ఆ కాయితం పట్టుకొని కిచెన్ల నేల మీద కూసొని ఏడ్చిన, మొటిమలకు కాదు, 240కి. నా యూనివర్సిటీల హెల్త్ సెంటర్ ఉండె, ఫీజుల దాని పైసలు ముందే కట్టి ఉంటినని అప్పటిదాక తెలవదు. నీ ఇన్సూరెన్స్ ఏది ఇస్తది ఏది ఇయ్యది నీ యూనివర్సిటీ సైటుల రాసే ఉంటది, చదువుకో, అది గూడ నన్నే అడగకు.

హెల్త్ సెంటర్ డాక్టరమ్మ మొట్టమొదలు మొఖం చూడలే, ఏమేం మింగుతున్నవ్, సీసాలు తీసుకరా అన్నది. బల్ల మీద వరుసగ పెట్టిపిచ్చింది. బీ12 సీసా పక్కకు జరిపి, ఎక్కువ మోతాదు బీ12తోటి కొందరికి మొటిమలు లేస్తయి, ఇది ఆపేయ్ అన్నది. అందరికీ అట్ల గాదు, కానీ నాకు లేచినయి. 2015ల లాస్ ఏంజెలెస్‌ల ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు దీని మీద పరిశోధన చేసిండ్రు, బీ12 ఎక్కువైతే చర్మం మీదుండే మొటిమల బ్యాక్టీరియా పని తీరే మారి, మంట పుట్టించే పదార్థం ఎక్కువ తయారు చేస్తదట. నిజంగ బీ12 తక్కువున్నోళ్లు మాత్రం డాక్టర్ ఇచ్చింది ఆపొద్దు, నరాలకు దెబ్బ. బయోటిన్ మొటిమలకు పని చేస్తదనేటందుకు గట్టి రుజువు లేదు, పైగా కొన్ని రక్త పరీక్షల రిజల్ట్ తప్పు చూపిస్తది, పరీక్షకు పోతే మింగుతున్నమని చెప్పాలె.

రక్తం చూస్తే విటమిన్ డి 11 వచ్చింది, 20 దాటాలె. చికాగోల నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక ఎండ కనబడ్డా దానితోటి డి పెద్దగ తయారు గాదు, మన రంగు చర్మానికైతే ఎండ ఇంక ఎక్కువసేపు కావాలె. డిసెంబర్ల నాలుగున్నరకే చీకటి. గోలీ రాసిచ్చింది గానీ, ఇది ఎముకలకోసం, దీంతోటి మొటిమలు పోతయనుకోకు అని ముందే చెప్పింది. డి తక్కువున్నోళ్లల్ల మొటిమలు ఎక్కువ కనబడ్డయని కొన్ని లెక్కలు ఉన్నయి, అంతమాత్రాన అదే కారణమని తేలలే.

నా దాంట్ల అసలు అనుమానం తిండి మీద. తెల్ల బ్రెడ్డు, నూడుల్స్, తీపి, ఇవి తొందరగ అరిగి రక్తంల చక్కెర ఒక్కసారి ఎగేస్తయి, దాని ఎనక ఇన్సులిన్ లేస్తది, అది చర్మంల జిడ్డు పెంచుతది. 2007ల ఆస్ట్రేలియాల 43 మంది పోరగాళ్ల మీద 12 వారాలు చూసిండ్రు, మెల్లగ అరిగేటి తిండి తిన్నోళ్లకు మొటిమలు ఎక్కువ తగ్గినయి. పాలకు, అందుల వెన్న తీసిన పాలకు సంబంధం ఉందని సర్వేలు చెప్తయి, పెరుగుకు అంత కనబడలే. జిమ్ముకు పోయేటోళ్లు తాగే వే ప్రోటీన్ గూడ పాలదే, అది మొదలు పెట్టినంక మొటిమలొచ్చినోళ్లు మస్తుమంది.

నేను ఫోన్ల అమ్మను అడిగి జొన్న రొట్టె నేర్చుకున్న. ఊర్ల ఉన్నప్పుడు రోజూ రొట్టేనా అని మూతి ముడిచినదాన్నే. చికాగోల మన ఇండియా దుకాణాలుండే డెవాన్ అవెన్యూల జొన్నపిండి దొరుకుతది. ఉడుకు నీళ్లు పోసి పిండి పిసికి, కిచెన్ గట్టు మీద తడితే మొదటి పది అంచులు పగిలి ఇండియా మ్యాప్ లెక్క వచ్చినయి, పెనం పొగకు అలారం మోగి కింద ఫ్లోరాయన పైకొచ్చిండు. రొట్టె, కందిపప్పు, ఏదన్న ఆకుకూర, వారానికి లెక్క చూస్తే నూడుల్స్, జ్యూసు కొన్నదానికన్న రెండు డాలర్లు తక్కువే అయింది, ఇది ముందే గుణించి ఉంటే బాగుండు.

కానీ తిండి ఒక్కటే మొటిమలు తీసేయదు, అది నీకు సూటిగ చెప్త. నాకు తగ్గింది అడాపలీన్ జెల్‌తోటి, మొటిమలకు పైన పూసే మందు అది. అప్పుడు దానికి డాక్టర్ చీటీ కావాల్సి ఉండె, 2016 సంది 0.1 శాతంది చీటీ లేకుండనే అమ్ముతున్నరు, షాపోళ్ల సొంత పేరు మీదిది కొను, చవక. శనగగింజంత, రాత్రిపూట, మొఖమంత పల్చగ. మొదట్ల ఎండిపోతది, ఇంక ఎక్కువ గూడ లేస్తయి, మూడు నెలలు ఓపిక పట్టాలె, నేను మూడో వారానికే సగం ట్యూబు పడేసిన, మళ్ల కొన్న. పొద్దున సన్‌స్క్రీన్. కడుపుతోటి ఉన్నోళ్లు వాడొద్దు. నీకు నెలసరి తప్పుతున్నా, గదుమ మీద వెంట్రుకలు లేస్తున్నా అది హార్మోన్ల పంచాయితి, డాక్టర్‌కు చెప్పు. అమ్మ పంపుతనన్న తెల్లగయ్యే క్రీము మాత్రం వద్దను, అండ్ల స్టెరాయిడ్ కలిపి ఉంటే మొటిమలు ఇంక ఎక్కువైతయి. సున్నిపిండి పంపుతానంటే పంపనియ్, కొరియర్‌కు కిలోకు ఎంతనో ముందు అడుగుమను.

ఆ బయోటిన్ సీసా మా ఇంట్ల ఇప్పటికీ ఉన్నది. 14 డాలర్లు పెట్టిన, పారేయ బుద్ధి గాలే, మెంతులు పోసుకున్న.