“ఐ5, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్” అని రాసిచ్చారు, తీసుకోవచ్చా?

ప్రశ్న: డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్న చెల్లెలికి డెస్క్‌టాప్ కావాలి. మానిటర్ ఇంట్లో ఉంది. మిగతావాటికి 45 వేల వరకు పెట్టగలను. కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులు, అప్పుడప్పుడూ చిన్నపాటి గేములు. షాపులో ఇచ్చిన కొటేషన్ ఇది: ఐ5 ప్రాసెసర్, మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్), 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె)తో క్యాబినెట్. తీసుకోవచ్చా? లేక విడిభాగాలు కొని నేనే బిగించుకోవచ్చా?

జవాబు:

ఆ కాగితంలో ఒక్క మోడల్ నంబరు కూడా లేదండీ. అలాంటప్పుడు అందులో ఏ సరుకు పెట్టినా షాపువాళ్లు మాట తప్పినట్టు కాదు. ముందు ప్రతి వరసకీ కంపెనీ పేరు, మోడల్ నంబరు రాయించండి. రాయడానికి వెనకాడితే ఆ షాపు వదిలేయండి.

ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ5 అన్న పేరు 2009 నుంచి వస్తోంది. చవక అసెంబుల్డ్ సెట్లలో తరచూ కనబడేది ఐ5-3470, దాని కింద హెచ్61 రకం మదర్‌బోర్డు. 3470 వచ్చింది 2012లో. ఆఫీసుల్లోంచి తీసేసిన పాత కంప్యూటర్ల ప్రాసెసర్లను కొత్తగా తయారుచేసిన హెచ్61 బోర్డుల మీద పెట్టి, కొత్త క్యాబినెట్‌లో బిగించి అమ్ముతారు. పైకి అంతా కొత్తగానే ఉంటుంది. లోపల మాత్రం నాలుగు కోర్లు (పనిచేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), పాత తరం డీడీఆర్3 ర్యామ్. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం, ఆపైవి కావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిగ్రీ మూడేళ్లూ వాడాల్సిన కంప్యూటర్‌కి ఇది తగదు.

ఐ తర్వాతి అంకె కన్నా గీత తర్వాతి అంకెలు ముఖ్యం. 3470 అంటే 3వ తరం, 12100 అంటే 12వ తరం. ఐ3-12100కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉంటాయి. పేరుకి ఐ3 అయినా ఆ పాత ఐ5ని ప్రతి పనిలోనూ దాటిపోతుంది.

చివరన ఉండే అక్షరం కూడా చూడాలి. ఐ3-12100ఎఫ్ కొంత తక్కువకి వస్తుంది. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. బోర్డుకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా విడిగా కార్డు లేనిదే తెర మీద ఏమీ రాదు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లలో రైజన్ 5 5600కీ 5600జికీ ముఖ్యమైన తేడా ఇదే: జి ఉన్నదానిలో గ్రాఫిక్స్ ఉంటుంది, ఉత్త 5600లో ఉండదు. మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇక “4 జీబీ గ్రాఫిక్స్ కార్డు”. ఈ ధరలో అది ఎన్‌విడియా జీటీ 730 అయ్యే అవకాశం ఎక్కువ. అది 2014 నాటి కార్డు. దానికి కొత్త డ్రైవర్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. గ్రాఫిక్స్ కార్డు సత్తాని జీబీలతో కొలవలేం. జీబీలు నీళ్ల ట్యాంకు సైజు లాంటివైతే మోటారు హెచ్‌పీ వేరే సంగతి. రైజన్ 5 5600జిలో లోపలే ఉన్న వేగా 7 గ్రాఫిక్స్ ఆ కార్డు కన్నా బాగా పనిచేస్తుంది. కాబట్టి ఆ వరస కొట్టేయించి, ఆ డబ్బు ప్రాసెసర్‌కీ ఎస్‌ఎంపీఎస్‌కీ మళ్లించండి.

మీ అవసరానికి రెండు దారులున్నాయి. గేములు కాస్తయినా ఆడతారు, ఇప్పట్లో కార్డు కొనరు అనుకుంటే రైజన్ 5 5600జి. దాని బదులు 5600జిటి దొరికినా సరే: గ్రాఫిక్స్ అదే, వేగం కొద్దిగా ఎక్కువ. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. గేముల ఊసే లేకపోతే, లేదా ఏడాది తర్వాత మంచి కార్డు వేసే ఉద్దేశం ఉంటే, ఎఫ్ లేని ఐ5-12400. దానికీ ఆరు కోర్లే గానీ లోపలి గ్రాఫిక్స్ గేములకి ఆనదు. మీరు చెప్పినదాన్నిబట్టి నా ఓటు 5600జికి. ఏఎండీ కొత్త సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎం5లో రైజన్ 5 8600జి ఇంకా బాగుంటుంది. అయితే దానికి కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, బోర్డు ధర కూడా ఎక్కువ, 45 వేలలో ఇమడ్చడం కష్టం.

5600జికి ఏ520, బీ450, బీ550 బోర్డుల్లో ఏదైనా సరిపోతుంది. ఏ320 వద్దు. బీ450 పాత స్టాకు అయితే బయాస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) కూడా పాతదే ఉండి ప్రాసెసర్‌ని గుర్తించకపోవచ్చు: ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది. పెట్టె మీద ‘రైజన్ 5000 డెస్క్‌టాప్ రెడీ’ అన్న స్టిక్కర్ ఉందో లేదో చూడండి. లేకపోతే షాపులోనే బయాస్ అప్‌డేట్ చేయించి, బొమ్మ వచ్చాకే డబ్బు కట్టండి. ఇంటెల్ వైపు వెళితే హెచ్610 బోర్డు చాలు. అందులో డీడీఆర్4 రకం, డీడీఆర్5 రకం వేరువేరుగా ఉంటాయి. ఒకదాని ర్యామ్ మరోదానిలో పట్టదు. బిల్లు వేయించేముందే ఏ రకమో అడగండి.

ర్యామ్ విషయంలో 16 జీబీ అంటే 8 జీబీ స్టిక్కులు రెండు అని రాయించండి. 5600జికి విడిగా గ్రాఫిక్స్ మెమరీ లేదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే స్టిక్కు పెడితే దారి సగమైపోయి గేముల్లో వేగం బాగా పడిపోతుంది. డీడీఆర్4లో 3200 వేగం ఉన్నది తీసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనక పాత లెక్కలు ఇప్పుడు నడవవు. డబ్బు చాలకపోతే ఇప్పటికి ఒక 8 జీబీ పెట్టుకుని, అదే మోడల్ మరొకటి తర్వాత కలపండి. సెకండ్ హ్యాండ్‌లో ధైర్యంగా కొనగలిగే భాగం ఏదైనా ఉందంటే అది ర్యామే: ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం మెమ్‌టెస్ట్86 పెట్టి నాలుగు రౌండ్లు తిప్పితే ఒక్క తప్పు కూడా రాకూడదు. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎంత చవకైనా వద్దు.

ఎస్‌ఎస్‌డీ ఎం.2 (బోర్డు మీదే గుచ్చే పలుచటి ఆకారం), ఎన్‌విఎంఈ (వేగమైన రకం) అయి ఉండాలి, 500 జీబీ చాలు. ఈ డ్రైవ్ నడిచే దారిని పీసీఐఈ అంటారు; 5600జి అందులో 3.0 వరకే ఇస్తుంది, హెచ్610 బోర్డుల్లో కూడా ఎం.2 స్లాటు సాధారణంగా 3.0నే. అందుకని జెన్4 (పీసీఐఈ 4.0) డ్రైవ్‌కి ఎక్కువ పెట్టడం అనవసరం, రెండూ ఒకే ధరకి దొరికితే తప్ప. ఎం.2 ఆకారంలోనే నెమ్మదైన సాటా రకం డ్రైవ్‌లూ ఉంటాయి, పెట్టె మీద ఎన్‌విఎంఈ అన్న మాట చూసి తీసుకోండి.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. మొత్తం కొటేషన్‌లో నన్ను ఎక్కువ భయపెట్టేది “క్యాబినెట్‌తో వచ్చే 450 వాట్లు”. దాని పక్కగోడ మీది లేబుల్ చదవండి. +12వి (12 వోల్టుల లైను) కింద ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. నిజమైన 450 వాట్ల దానిలో 36 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే సుమారు 430 వాట్లు. క్యాబినెట్‌తో వచ్చేవాటిలో 14, 16 అని ఉంటే దాని అసలు బలం 200 వాట్లకి అటూఇటూ అన్నమాట. 5600జి కంప్యూటర్ మొత్తం కలిపినా 150 వాట్లు దాటదు, మరి ఇది నడవదా అంటే నడుస్తుంది. కానీ లోపల ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు సరిగా ఉండవు. కరెంటు ఒక్కసారి ఎగిసిపడితే తను పోతూ బోర్డునీ ఎస్‌ఎస్‌డీనీ వెంటబెట్టుకుపోతుంది. 450 నుంచి 550 వాట్లలో, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) గుర్తున్నది, కనీసం మూడేళ్ల వారంటీ ఉన్నది విడిగా కొనండి. బడ్జెట్‌లో పదో వంతు దీనికి కేటాయించండి. రేపు ఆర్‌ఎక్స్ 6600 లాంటి 132 వాట్ల గ్రాఫిక్స్ కార్డు వేసినా ఇదే సరిపోతుంది. ప్రాసెసర్‌కి 4+4 పిన్నులు, కార్డుకి 6+2 పిన్నుల వైరు ఉన్నాయో లేదో చూసుకోండి.

దానితోపాటే ఎర్తింగ్. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని మన దగ్గర చాలామంది చెబుతారు. ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందని దాన్ని మారుస్తారు, కొత్తదీ అంతే చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు వచ్చేచోట రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ వైర్లు తీసి పెడుతుంటే పోర్టులు కాలిపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో చూపించండి: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకి మించకూడదు. మూడో పిన్ను లేని ఎక్స్‌టెన్షన్ బాక్సులు, రెండు పిన్నుల అడాప్టర్లు వాడొద్దు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకో ముందో యూపీఎస్ మోడ్ స్విచ్చు ఉంటుంది, అది ఆన్ చేయండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది; మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా తన దగ్గరున్న నిల్వతో 16, 17 మిల్లీసెకన్లే ఆగగలదు. కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే ఎక్కువసార్లు కారణం ఇదే. ఇన్వర్టర్ లేకపోతే 600 వీఏ యూపీఎస్ ఒకటి చాలు, అది సాధారణంగా ఇచ్చేది 360 వాట్లు.

క్యాబినెట్‌కి ముందు జాలీ, ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను ఉంటే చాలు. ముందంతా గాజు పలకతో మూసేసినవి, రంగు లైట్లవి రామగుండం, విజయవాడ ఎండల్లో పనికిరావు.

షాపు దగ్గర: సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లగలిగితే ఒకే మోడల్ నంబర్ల కాగితం పట్టుకుని మూడు నాలుగు షాపుల్లో అడగండి. ప్రాసెసర్ సీలు ఉన్న బాక్సుదే తీసుకోండి: మూడేళ్ల వారంటీ ఉంటుంది, కూలర్ కూడా అందులోనే వస్తుంది. బాక్సు లేకుండా విడిగా అమ్మే “ట్రే” ప్రాసెసర్ తక్కువకి ఇస్తామంటే వారంటీ ఎవరు చూస్తారో అడగండి. బిల్లు లేకుండా 18 శాతం జీఎస్‌టీ మిగులుతుందని ఆశ పెడితే ఒప్పుకోవద్దు. బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరూ ఉండాలి, వారంటీకి అడిగేది దాన్నే.

మీరే బిగించుకోవచ్చు, ఒక మధ్యాహ్నం పని. మాగ్నెట్ ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. అన్నీ క్యాబినెట్‌లో పెట్టాక ఆన్ కాకపోతే తప్పు ఎక్కడుందో తెలియదు, అందుకే ముందు బోర్డుని దాని అట్టపెట్టె మీదే ఉంచి ప్రాసెసర్, కూలర్, ర్యామ్ పెట్టి చూడండి. ప్రాసెసర్ మూలనున్న బంగారు త్రికోణం సాకెట్ మీది త్రికోణంతో కలవాలి. లివర్ పైకెత్తి ఉండగా ప్రాసెసర్ తన బరువుకే దిగుతుంది. నొక్కాల్సి వచ్చిందంటే ఎక్కడో పిన్ను వంగి ఉండొచ్చు, ఆగండి. 5600జి కూలర్ బిగించేముందు బోర్డు మీది ప్లాస్టిక్ పట్టీలు రెండూ విప్పాలి. విప్పేటప్పుడు వెనక లోహపు పలక ఊడి కింద పడుతుంది, చేత్తో పట్టుకోండి. నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలలుగా, ఒక్కోటీ కొంచెం కొంచెం బిగించండి. తర్వాతెప్పుడైనా కూలర్ తీయాల్సి వస్తే కంప్యూటర్‌ని కాసేపు నడిపి, ఆపేసి, ప్లగ్ తీసి, వెచ్చగా ఉండగానే అటూఇటూ తిప్పుతూ తీయండి. చల్లగా ఉండగా లాగితే ప్రాసెసర్ కూడా దానికే అంటుకుని ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి.

నాలుగు ర్యామ్ స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 24 పిన్నుల వైరుతోపాటు బోర్డు పైమూల ప్రాసెసర్ వైరు కూడా పెట్టాలి, చాలామంది మరిచేది అదే. బోర్డు మీది పవర్ స్విచ్చు పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం కలిపితే ఆన్ అవుతుంది. మొదటిసారి ఒకటి రెండు నిమిషాలు తెర నల్లగా ఉండొచ్చు, కంగారుపడి ఆపేయొద్దు. బొమ్మ వచ్చాకే క్యాబినెట్‌లోకి మార్చండి. వెనక ఐఓ పలక (పోర్టుల చుట్టూ వచ్చే రేకు) ముందే పెట్టాలి. బోర్డు రంధ్రాలు లేనిచోట ఇత్తడి స్టాండ్‌ఆఫ్ (బోర్డుని ఎత్తి ఉంచే మర) మిగిలి ఉంటే తీసేయాలి, అది బోర్డు అడుగున తగిలి షార్ట్ చేస్తుంది.

బయాస్‌లో రెండు పనులున్నాయి. ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ (కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అంటారు) ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ చాలాసార్లు 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉంటుంది. యూఎంఏ ఫ్రేమ్ బఫర్‌ని, అంటే గ్రాఫిక్స్‌కి విడిచే ర్యామ్‌ని, 2 జీబీకి పెట్టండి. విండోస్‌లోకి వెళ్లాక టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం 3200 అని చూపిస్తే సరే. చివరగా ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ప్రాసెసర్‌కి అరగంట పూర్తి పని పెట్టి వేడి చూడండి. 5600జి హద్దు 95 డిగ్రీలు. మే నెల గదిలో 80 దాటినా ఫర్వాలేదు. రెండు మూడు నిమిషాల్లోనే 95కి చేరిందంటే కూలర్ ఒక పక్క సరిగా కూర్చోలేదు. తీసి, ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి మళ్లీ బిగించండి.