కొండ కట్టబోయే కార్తీక్‌కి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి కార్తీక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

ఇంట్లో బోర్డు మీద నువ్వు కడుతున్న బుల్లి మోడల్ రైల్వే ఫొటోలు, కాగితం మీద గీసిన బొమ్మ రెండూ చూశాను. పట్టాలు బాగా పరిచావు, మలుపులు సాఫీగా ఉన్నాయి. మాట్లాడాల్సింది కొండ గురించే. వెనక మూలన ఒక మంచు శిఖరం, దాని అడుగున సొరంగం, సొరంగం నెత్తిమీద ఇంకో లైను వేశావు. ముందు ఆ మంచు తీసెయ్. నీలం రంగు ఐసీఎఫ్ (చెన్నై ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టెలు లాక్కుంటూ మన డీజిల్ ఇంజన్ మంచుకొండలోంచి బయటికొస్తే అది ఏ ఊరో చూసేవాడికి తెలియదు. కాశ్మీర్ లైనే చేస్తానంటావా, సరే, కానీ అప్పుడు చెట్లు, ఇళ్లు, స్టేషను అన్నీ అక్కడివే చెయ్యాలి. అంత ఓపిక నీకు ఉందని నేననుకోను.

బెంగళూరులో ఉండి కొండకోసం అంతదూరం చూడటమెందుకు? సకలేశపుర నుంచి సుబ్రహ్మణ్య రోడ్డు స్టేషను దాకా ఉన్న ఘాట్ లైను సుమారు 55 కిలోమీటర్లు. అందులో 57 సొరంగాలున్నాయి. యశ్వంత్‌పూర్ నుంచి పగటిపూట మంగళూరు వైపు వెళ్లే రైలెక్కి, శ్రావణినీ పిల్లాణ్నీ తీసుకుని ఒకసారి వెళ్లిరా. ఫొటోలు లోయవి కాదు, పట్టాల పక్కనే ఉన్న వాటివి తీసుకో. రాయిని ఎక్కడ చెక్కారు, గోడ ఎక్కడ కట్టారు, వాగు ఏ తూములోంచి దాటుతోంది అన్నది చూడు. లోయ అందాన్ని నువ్వు ఆరడుగుల బోర్డు మీదికి ఎలాగూ తేలేవు. ఆ గోడనూ తూమునూ తేగలవు.

అసలు విషయానికొస్తాను. కొండ రైలుకంటే ముందు నుంచీ అక్కడ ఉంది, రైలు తర్వాత వచ్చి దాన్ని తొలుచుకుంది. చాలామంది పని తలకిందులుగా చేస్తారు. ముందు పట్టాలు పరిచి, వాటి మీద కొండను కప్పుతారు. అందుకే అది కొండలా కాకుండా పట్టాల మీద బోర్లించిన గంపలా కనిపిస్తుంది. నీ బొమ్మలో పట్టాలన్నీ రబ్బరుతో చెరిపేసి చూడు. కొండ వెన్ను ఎటునుంచి ఎటు దిగుతోంది, వాన పడితే నీళ్లు ఎటు పారతాయి, వాగు ఎక్కడ లోతుగా కోసింది, ఇవి గీసుకో. తర్వాత ఇంజనీరు చూసినట్టు చూడు. ఎక్కడ చుట్టూ తిరిగి పోవచ్చు, ఎక్కడ చెక్కాలి, ఎక్కడ వంతెన వెయ్యాలి, ఎక్కడ సొరంగం తప్పదు?

సొరంగం సరదాకి తవ్వరు. మామూలుగా కొండను పైనుంచి కోసుకుంటూ పోతారు. కోత లోతు సుమారు 20 మీటర్లు దాటేటప్పటికి ఖర్చు పెరిగి, రాళ్లు జారిపడే భయం కూడా తోడై, సొరంగమే మేలనిపిస్తుంది. నీది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. 20 మీటర్లంటే నీ బోర్డు మీద 23 సెంటీమీటర్లు. పట్టాల నుంచి కొండ ఒక జానెడైనా లేచి ఉంటేనే ఆ సొరంగానికి అర్థం ఉంటుంది. నీ బొమ్మలో నాలుగంగుళాలే ఉంది. ఆ ఎత్తుకు రైల్వేవాళ్లు సొరంగం తవ్వరు, కోసేసి వెళ్లిపోతారు.

ఇక ఆ పై లైను. కింద రైలు తగలకుండా పోవాలంటే పట్టాల పైనుంచి కనీసం 75 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. వంతెన మందం కలిపితే 90 అనుకో. సకలేశపుర ఘాట్‌లో ఎక్కుడు 50కి 1, అంటే యాభై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. ఆ లెక్కన నీకు ఎక్కడానికే నాలుగున్నర మీటర్ల పట్టా కావాలి, దిగడానికి మళ్లీ అంతే. ఆరడుగులకు నాలుగడుగుల బోర్డు మీద ఒక రౌండంతా కలిపినా ఐదు మీటర్లకు మించదు. 33కి 1 పెట్టినా ఎక్కడానికి మూడు మీటర్లు పోతాయి, నాలుగు పెట్టెలు తగిలిస్తే ఇంజన్ చక్రాలు జారతాయి. ఊటీ రైలు 12.5కి 1 ఎక్కుతోంది కదా అంటావేమో. దానికి మధ్యలో పళ్లపట్టా ఉంది, ఇంజన్ కింద పళ్లచక్రం ఉంది.

కాబట్టి పట్టాల్ని పైకి లేపకు, నేలను కిందికి దించు. మొత్తం లైనును ప్లైవుడ్ మీద పది సెంటీమీటర్ల ఎత్తు చెక్క దిమ్మెల మీద నిలబెట్టు. ముందువైపు నేల కిందికి పోయి లోయ అవుతుంది, వెనకవైపు పైకి లేచి కొండ అవుతుంది. పట్టాలు మాత్రం సమంగానే ఉంటాయి. కింద పది, పైన పాతిక సెంటీమీటర్లు కలిస్తే అసలు లెక్కలో 30 మీటర్ల ఎత్తు తేడా వచ్చేసింది. ముందున్న లోయలో ఒక వంతెన పెట్టు, చూపు ముందు అక్కడికే పోతుంది.

శిఖరం మాత్రం పెట్టొద్దు. వంద మీటర్ల చిన్న గుట్ట కూడా ఈ స్కేలులో మీటరుకు పైగా వస్తుంది. శిఖరం చూపించావంటే కొండ ఎంత పొట్టిదో నువ్వే చెప్పినట్టు. వాలును వెనక అట్టకు ఆనించి, అక్కడే కోసెయ్. మిగతాది ఆ అట్ట మీద లేత నీలం బూడిద రంగులో గీస్తే, పైన ఇంకా చాలా ఉందని కన్ను తనే అనుకుంటుంది. చెట్లు ముందు పెద్దవి, వెనక చిన్నవి పెట్టు. ముందున్నవి నిజంగానే పెద్దవి కావాలి. పదిహేను మీటర్ల చెట్టంటే నీకు 17 సెంటీమీటర్లు. అందరూ అగ్గిపుల్లంత చెట్లు నాటి, రెండు సెంటీమీటర్ల మనిషిని దాని పక్కన నిలబెడతారు.

రాయి ఎలా ఉండాలో తెలియాలంటే లాల్‌బాగ్ వెళ్లి ఆ పెద్ద బండ మీద కూర్చో. కెంపెగౌడ బురుజు కింద ఉన్నది సుమారు మూడు వందల కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే రాయి. జాతీయ భూవిజ్ఞాన స్మారకమని బోర్డు కూడా ఉంటుంది. దాని అంచులు పదునుగా ఉండవు, అరిగి గుండ్రంగా ఉంటాయి. బూడిద రంగులో లేత గులాబీ చారలు, నీళ్లు జారిన చోట నల్లటి మరకలు చూస్తావు. ఆ మరకలు మర్చిపోకు, రంగులు వేసేటప్పుడు అవే పనికొస్తాయి. ఈసారి తిరుమల వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డులో కునుకు తీయకుండా కిటికీలోంచి చూడు. అక్కడి రాయి వేరు. ఎర్రటి క్వార్ట్‌జైట్, పొరలు పొరలుగా ఉంటుంది. నువ్వు గుండ్రాయి కొండ చేసినా, పొరల కొండ చేసినా సరే, రెండూ కలపకు. పొరలే అయితే కొండ మొత్తం మీద అన్నీ ఒకే వైపు ఒరిగి ఉండాలి. సొరంగానికి ఎడమన ఒకలాగా, కుడిన ఇంకోలాగా ఉంటే ఎక్కడో తేడా ఉందని చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది.

కొండ మూసేముందు సొరంగం లోపలి పని తేల్చుకో. లోపల పాయింట్లు, అంటే రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు, పెట్టకు. జాయింట్లన్నీ సోల్డర్ చెయ్, కరెంటు వైర్లు రెండు చోట్ల ఇవ్వు. నీ దగ్గరున్న అన్నిటికంటే పొడవాటి పెట్టె తీసుకో. ఐసీఎఫ్ పెట్టె అయితే ఈ స్కేలులో ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు ఉంటుంది. దాని నడుముకు, మూలలకు పెన్సిల్ కట్టి మలుపులో తోసుకుంటూ పో. నడుము లోపలికి, మూలలు బయటికి ఎంత వస్తాయో గీత పడుతుంది. సొరంగం గోడ ఆ గీతకు అవతల ఒక వేలెడు దూరంలో ఉండాలి. వెనకవైపు చెయ్యి పట్టేంత కిటికీ వదులు. రైలు పట్టాలు తప్పేది ఎప్పుడూ లోపలే, అదీ చుట్టాలొచ్చిన రోజే. ఇంజన్‌కు అన్ని పెట్టెలూ తగిలించి, ముందుకూ వెనక్కీ కొన్ని రోజులు నడిపి చూశాకే దాని మీద కొండ కట్టు. సొరంగం నోటి నుంచి ఒక జానెడు లోపలిదాకా రాతి గోడ, నల్లరంగు చాలు. ఆపైన ఎవరికీ కనిపించదు.

కొండ ఒళ్లంతా పీఓపీతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కట్టకు. నువ్వుండేది అద్దె ఫ్లాటు, రేపు ఇల్లు మారితే ఆ బరువు లిఫ్టులో ఎవడు ఎత్తుతాడు? బోర్డును రెండు ముక్కలుగా చేసి బోల్టులతో కలుపు, తలుపులోంచి పట్టే వెడల్పు ముందే కొలుచుకో. అస్థిపంజరం థర్మోకోల్ పలకలతో చెయ్, ఒకదాని మీద ఒకటి అతికించి కత్తితో చెక్కుకో. అతికించడానికి మామూలు తెల్ల ఫెవికాల్ వాడు. ఘాటు వాసనొచ్చే రబ్బరు గమ్ము, స్ప్రే పెయింటు తగిలితే థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. వేడి తీగతో కోస్తే నున్నగా తెగుతుంది కానీ ఆ పొగ మంచిది కాదు, బాల్కనీలో కొయ్. తీగ, ట్రాన్స్‌ఫార్మరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి.

దాని మీద పీఓపీ బ్యాండేజ్ పరచు. విరిగిన చేతికి కట్టే కట్టే అది, మందుల షాపులో అడిగితే ఇస్తారు. నీళ్లలో ముంచి రెండు పొరలు వేస్తే గుల్లలా గట్టిపడుతుంది. పీఓపీ కలపాల్సింది రాళ్లకు మాత్రమే. నీళ్లలో పొడి వెయ్యాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. ఒక గ్లాసు నీళ్లకు రెండు గ్లాసుల పొడి అనుకో. త్వరగా బిగుసుకుపోతుంటే కాస్త వెనిగర్ వెయ్, ఆలస్యమవుతుంది. రాయి అచ్చులకు డబ్బు తగలెయ్యకు. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను గట్టిగా నలిపి, సగం విప్పి, అందులో పీఓపీ పొయ్యి. గట్టిపడబోతుండగా, ఇంకా వంగేలా ఉన్నప్పుడే, కొండ మీద అదిమి పట్టుకో. ఆరాక ఫాయిల్ ఒలిస్తే పగుళ్లతో సహా రాయి వస్తుంది. ఒకే అచ్చును పక్కపక్కన పెట్టకు, తిప్పి పెట్టు. లాల్‌బాగ్ లాంటి నున్నటి బండ కావాలంటే అంచులను తడి స్పాంజితో రుద్దు.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నా. పీఓపీ గిన్నె సింకులో కడగొద్దు. పైపులో రాయి అవుతుంది, కింది ఫ్లాటువాళ్లతో గొడవ, ప్లంబరు ఖర్చు. బకెట్లో కడిగి, అడుగున పేరుకున్నది చెత్తలో వెయ్. పీఓపీ కలపడానికి శ్రావణి మిక్సీ కూడా ముట్టుకోకు.

రంగు పల్చగా వెయ్, చిక్కగా కాదు. తెల్లటి పీఓపీ నీళ్ల రంగును పీల్చుకుంటుంది కాబట్టి బూడిద, గోధుమ, కాస్త కావి రంగు అక్కడక్కడ చుక్కలుగా వేసి, ఒకదానిలోకి ఒకటి పారనివ్వు. తర్వాత నల్ల ఇంకును బాగా పల్చన చేసి మొత్తం మీద పొయ్యి, పగుళ్లలోకి దిగుతుంది. అది పూర్తిగా ఆరాక కుంచెకు కొంచెం తెల్లటి రంగు అంటించి, పాత గుడ్డకు తుడిచేసి, మిగిలిన దానితో అంచుల మీద తాకీ తాకనట్టు పూయి. రాయి లేచి నిలబడుతుంది. ఈ పని, నువ్వు రైలు చూసే ఆ గదిలోని లైటు కిందే చెయ్. పగటి వెలుతురులో బాగున్న రంగు ట్యూబ్‌లైటు కింద పాలిపోతుంది.

మట్టికి బయటి ఎర్రమట్టే జల్లించి వాడు. ముందు మట్టిలో అయస్కాంతం తిప్పు. ఇనుప రజను ఉంటే ఇంజన్ మోటారుకు అతుక్కుని పాడు చేస్తుంది. గడ్డికి సామిల్లు రంపపు పొట్టు ఆకుపచ్చ రంగులో ముంచి ఆరబెట్టు, ఒక్క ఆకుపచ్చ కాకుండా మూడు నాలుగు రకాలు చేసుకో. పొదలకు పాత పరుపు ఫోమ్ ముక్కలు, ఎండు గడ్డికి కొబ్బరి పీచు పనికొస్తాయి. టీ పొడి పిప్పి చాలామంది వాడతారు, నాకు నచ్చదు. మన వానాకాలంలో బూజు పడుతుంది, చీమలూ వస్తాయి. చల్లినవన్నీ ముందు సబ్బు చుక్క కలిపిన నీళ్లతో తడిపి, తర్వాత ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి సిరంజితో వదులు. ముందు తడపకపోతే గమ్ము ముత్యాల్లా దొర్లిపోతుంది.

ఇవన్నీ అయ్యాక నీళ్ల దారి మళ్లీ ఒకసారి చూసుకో. కొండ మీద పడ్డ నీళ్లు పట్టాల మీదికి రాకూడదు. కోత పైన ఒక చిన్న కాలువ, పట్టాల పక్కన ఇంకోటి, వాగు దాటే చోట తూము పెట్టు. రాతి గోడలో నీళ్లు కారే రంధ్రాలు, వాటి కింద నాచు మరకలు. సకలేశపురలో నువ్వు తీసిన ఫొటోలు అప్పుడు బయటికి తీయి. సొరంగం నోటి మీద నంబరు, పొడవు రాసిన చిన్న పలక కూడా పెడితే రైల్వేవాళ్లు మెచ్చుకుంటారు.

వచ్చే ఆదివారం భోజనాలయ్యాక నేనూ పెద్దమ్మా వస్తాం. ఆలోపు పట్టాలు లేని కొండ బొమ్మ ఒకటి గీసి ఉంచు, చెక్క దిమ్మెలకు కొలతలు అప్పుడు వేద్దాం. పీఓపీ మాత్రం ఇప్పుడే కొనకు. సంచి విప్పి పెడితే చెమ్మ పీల్చుకుని పాడైపోతుంది.

ఇట్లు,
పెదనాన్న